పోశవ్వ ఆకు నానబెట్టలే

లేవకు, లేవకు. పండుకో బిడ్డా. మీ నాయన కేకలేసుకుంట పోయిండు గని ఆయన మాటలేం పట్టిచ్చుకోకు. పొద్దెక్కిందాక పండుకున్నదట, కాళ్ళు సాపుకోని ఫోన్ సూస్తున్నదట. సూస్తది. జగిత్యాలల ఐదు దినాలు కంప్యూటర్ ముంగట కూసోని అచ్చింది, శనివారం ఆదివారం సెలవని కంపెనోళ్ళే ఇచ్చిన్రు, నడుమల మీ నాయన సంజీవ్‌కేంది నొప్పి? నేను గీ మంచం మీదికెళ్ళి పొద్దుగాల్నుంచి నిన్నే సూస్తున్న సంగీతా. సీతాఫలం తిన్నవ్. గింజలు గిన్నెల ఉమ్మినవ్. మళ్ళ పండుకున్నవ్. మంచిగ పండుకుంటవ్ నువ్వు, నీకు వచ్చు. మీ నానమ్మకు రాకపోయేది. నేర్సుకుందామని ఒక్కపారి సూసింది. చెప్పనా? ఫోన్ సూసుకుంటనే ఇను, నాకేం ఫికర్ లేదు.

పోశవ్వంటె నీకు గోడమీది ఫోటోనే గద, నువ్వు పుట్టకముందే పాయె. చిన్నప్పుడు గా ఫోటోల బొట్టు జూసి భయపడెటిదానివి. గంత బొట్టు ఆమె ఎన్నడు పెట్టుకోలే, ఫోటో స్టూడియోలోడు దిద్దిండు. సరే, అది వేరే ముచ్చట. నేను చెప్పేది మేం కోరుట్లల కిరాయికి ఉన్నప్పటిది. మీ నాయన ఐదో తరగతి. నేను రైసుమిల్లుల హమాలి. గప్పుడు నేను గిట్ల మంచంల కూసోని ముచ్చట్లు చెప్పే మనిషిని కాదు, నాకు మస్తు కోపముండె. ఎవలి మీద అంటవా? అందరి మీద. శ్రీహరి అని మా హమాలి సంగం లీడరు పుస్తకాలు ఇచ్చెటోడు. కూడబలుక్కోని సదివెటోన్ని. సగం సమజయ్యేది, సగం కాకపోయేది, రెండు సగాలు గట్టిగనే చెప్పెటోన్ని. మేడే నాడు బస్టాండు కాడ మైకు నాకే ఇచ్చిన్రు. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మా సొంతం, విశ్రాంతి కార్మికుని హక్కు అని అరిసిన. గొంతు పోయిందాక అరిసిన. ఇంటికచ్చి కాళ్ళకు నీళ్ళు తెమ్మన్న. పోశవ్వ ఒళ్ళెకెళ్ళి బీడీల చేట దించి, లేసి, చెంబుతోని నీళ్ళిచ్చి, మళ్ళ చేట ఒళ్ళె పెట్టుకున్నది. దాంట్ల నాకేం వంక కనవడలే.

బీడీల పని నువ్వు సూడలే గద. నీ పుణ్యం. సాయంత్రం తునికాకు నానబెట్టి తడి గోనెసంచిల సుట్టిపెడ్తరు. తెల్లారెవరకు ఆకు మెత్తగైతది. ఇగ కత్తెరతోని కోసుడు, తంబాకు పోసుడు, సుట్టుడు, దారం కట్టుడు, కట్టలు గట్టి కార్ఖానాల ఇచ్చుడు. తడిసిన ఆకు ఆగదు బిడ్డా, తెల్లారి సుట్టాల్సిందే, లేకుంటె ఖరాబైతది. గది ఒడిసేటాల్లకు మళ్ళ సాయంత్రం, మళ్ళ తెల్లారికి నానబెట్టుడు. ఎప్పుడు జూసినా రేపటి పని ఇయ్యాల్నే తడిసి కూసుంటది. నడుమ ఆగెతందుకు సందు లేదు. మీ నాయన పుట్టిన మూడో వారానికే పోశవ్వ ఒళ్ళె ఓ దిక్కు పోరడు, ఓ దిక్కు చేట.

దసర పోయింది, దివిలె పండుగ రాలే, నడుమ దినాలవి. వానలు బందైనయ్. పొద్దుగాల జెర సలి, పదింటికి నీరెండ, గిసొంటి దినాలే. పోశవ్వ తల్లిగారిది బీర్పూరు. గక్కడి గుట్టల సీతాఫలాలు తమ్ముడు తెచ్చిస్తె ఓ గంపెడు కమల దొర్సానికి ఇచ్చస్త అన్నది. అనంత్ రావు పెండ్లాం కమల. వాళ్ళది బీర్పూర్ల దొరల గడి, పోశవ్వ అవ్వ అయ్య వాళ్ళ పొలాలల్లనే సచ్చేదాక చేసిన్రు. అనంత్ రావు మాత్రం నౌకరి చేసుకుంట కోరుట్లల ఇల్లు కట్టుకోని ఉండె. నాకు ఒళ్ళు మండింది. దొరలకు ఇంక గంపలెందుకు మొయ్యాలె, కాలం మారింది, బానిస బుద్ధి అని ఓ అరగంట చెప్పిన. పోశవ్వ ఇన్నది. ఇని, గంప నెత్తికెత్తుకోని పోయింది.

పోయి అచ్చినంక మనిషి వేరే తీరుగున్నది. ఏమైందే అంటె, కమల దొర్సాని రేపు ఎల్లుండి ఇంట్లనే ఉంటరట, రావుసాబ్ శనివారం సెలవు పెట్టిండట, ఆదివారం ఎట్లన్న సెలవేనట. పండుగనా దొర్సానీ అని అడిగిందట. కాదు అన్నదట. సుట్టాలొస్తున్నరా అంటె ఎవ్వలు రారు అన్నదట. మరేం చేస్తరమ్మా అంటె, ఏం చెయ్యం పోశవ్వా, వట్టిగుంటం అన్నదట. నాకు మంచి మోక దొరికింది. మన రెక్కలు ఇరిగితెనే వాళ్ళు వట్టిగుండేది, దీన్నే శ్రమ దోపిడి అంటరు అని సురువు జేసిన. పోశవ్వ మొత్తం ఇన్నది. "అది గాదు," అన్నది. "వట్టిగ ఎట్లుంటరో గది చెప్పు." నాకు తెల్వకపాయె. పుస్తకంల సుత లేకుండె.

గా శుక్రవారం సాయంత్రం సూస్తె ఆకు ఎండుదే ఉన్నది. నానబెట్టలే. ఒంట్ల బాగలేదా అన్న. మంచిగనే ఉన్న అన్నది. మరి? రెండు దినాలు ఇంట్ల ఉంట అన్నది. రోజు ఇంట్లనే ఉంటున్నవ్ గదనే అన్న. "ఇంట్ల ఏడున్న? చేటల ఉన్న," అన్నది. సరే పిచ్చి లేసింది, తెల్లారితె దిగుతది అనుకోని పండుకున్న. తెల్లారి నేను మిల్లుకు పోయే యాల్లకు సుత లేవలే. కండ్లు తెరిసే ఉన్నది, దూలాలు సూసుకుంట పండుకున్నది. నేనే సద్దన్నం పెట్టుకోని తిని పోయిన.

గప్పుడు ఆమె చేసిన తప్పొక్కటే. లేసి, కుంకుడుకాయలతోని తల పోసుకోని, ఎట్లన్న ఖాళీగనే ఉన్నది గదాని చేటను కడిగింది. కడిగి ఎండకు ఆరాలని వాకిట్ల గోడకు నిలవెట్టింది. మా వాడల ఓ రివాజుండె. చేటను రాత్రిపూట సుత బోర్లిచ్చే పెడ్తరు. వాకిట్ల గోడకు నిలవెట్టిన్రంటె గా ఇంట్ల మనిషి పోయినట్టు. పదకొండొద్దులు ఆకు ముట్టరని అందరికి ఎర్కయ్యేతందుకు గట్ల పెడ్తరు. పోశవ్వకు తెల్వదా అంటె తెలుసు. యాదిల లేదు. వట్టిగుండుడు సురువైంది గద, అన్ని మర్సిపోయింది.

పక్కింటి లస్మవ్వ జూసింది. ఇంట్ల ఉండేది ముగ్గురు. పోరడు బడికి పోంగ కనవడ్డడు, పోశవ్వ ఎనుక ఎండల ఎంటికలు ఆరవెట్టుకుంట కూసున్నది, ఎంటికలు ఇరవోసుకోని. ఇగ మిగిలింది ఎవలు? నేను. లస్మవ్వ గుండెలు బాదుకోని రాగం తీసింది. ఓ యాదగిరీ, దేవుని అసొంటోనివి, కల్లు తాగినా నోరు జారకపోతివి కొడుకా అని. గది అబద్ధం, నేను మస్తు నోరు జారెటోన్ని. వాడంత అచ్చింది. మిల్లుకు సుత కబురచ్చింది. నేను బస్తా వీపు మీద ఏసుకోని నిచ్చెన ఎక్కుతున్న. కిందికెళ్ళి ఎవడో, యాదగిరి పోయిండట అన్నడు. ఏ యాదగిరి అన్న. బీడీల పోశవ్వ మొగడు అన్నడు. బస్తా దించి, రొండు నిమిషాలు కూసోని, నేనే గద అని యాదికచ్చి లేసిన. శ్రీహరి, ఇంకో పదిమంది హమాలోళ్ళు నా ఎంబడే అచ్చిన్రు. ఎందుకు అంటె పని ఇడిసిపెట్టిన్రు గద, ఇగ రావాల్నాయె.

ఇంటికాడ జూస్తె ఆడోళ్ళు నిండ కూసున్నరు. నడుమల పోశవ్వ సీతాఫలాలు ఇప్పి పంచుతున్నది. నన్ను జూసి అందరు ఊకున్నరు గని లస్మవ్వకు కోపమచ్చింది. వట్టిగ ఏడిపిచ్చినవ్ గదనే, గింతసేపట్ల నేను కట్టెడు బీడీలు చేద్దు అని. మరి ఎందుకు కూసున్నవే అని అడిగిన్రు. ఏం లేదు, వట్టిగనే అన్నది పోశవ్వ. ఎవలు నమ్ముతరు? ఆకు తక్కువ పడ్డది, చెప్పనీకె సిగ్గుపడుతున్నది అనుకున్నరు. మంచోళ్ళు బిడ్డా మా వాడోళ్ళు, అదే పెద్ద ఆపతి. లస్మవ్వ ఇంట్లకు పోయి తన తడాకుల నుంచి దోసెడు తెచ్చింది. ఆమెను జూసి ఇంకొక్కామె. గోడకున్న చేట తెచ్చి పోశవ్వ ముంగట పెట్టిన్రు, చేట నిండింది. అంత తడాకు. తడిసిన ఆకు ఆగదని చెప్పిన గద.

పోశవ్వ చేట జూసింది, నన్ను జూసింది. పది మంది హమాలోళ్ళ ముంగట, సచ్చి బతికి అచ్చిన మొగోన్ని, నాకు ఇజ్జత్ పోయినట్టయ్యింది. ఇచ్చిన్రు గద, చెయ్యరాదా అన్న. గంతే అన్న.

"మేడే నాడు మైకుల ఎనిమిది గంటలు మా సొంతం అంటివి. గా మైకు మన ఇంటిదాక ఇనవడ్డది," అన్నది. గట్టిగ అనలే. నూనె ఒడిసింది తే అన్నట్టే అన్నది. "పెండ్లయి పదమూడేండ్లాయె. నాయి ఏ గంటలో జెర సూపెట్టు."

శ్రీహరి నా దిక్కు జూసిండు. హమాలోళ్ళు నా దిక్కు జూసిన్రు. ఇగ ఏం చెయ్యాలె, కింద కూసోని చేట నా ఒళ్ళె పెట్టుకున్న. కత్తెర పట్టిన. నూటా ఇరవై కిలోల బస్తా మోసే చేతులు బిడ్డా ఇవి, ఆకు పలపల చినుగుతున్నది. ఒక్క బీడీ సుట్టిన. బొటనవేలంత అయింది. రొండోది సుట్టంగనే ఇప్పుకున్నది. ఎవ్వలు నవ్వలే, గది ఇంక కష్టమనిపిచ్చింది. నాలుగోది సుట్టుతుంటె లస్మవ్వతోని కాలే. మంచి ఆకు, పాణం పోతుంది నాకు అనుకుంట తన దోసెడు తను తీసుకున్నది. ఇగ ఒక్కొక్కలు అచ్చి ఎవల ఆకు వాళ్ళు తీసుకపోయిన్రు. చేట ఖాళీ. పోశవ్వ పని ఒడిసిన మనిషి లెక్క కూసోని సూస్తున్నది. పోయేటోళ్ళకు తలా ఓ సీతాఫలం చేతుల పెట్టింది.

ఆదివారం పొద్దుగాల శ్రీహరి మళ్ళ అచ్చిండు, జెండా పట్టుకోని. రాత్రంత ఆలోచన చేసిండట. వదినా, నువ్వు సమ్మె చేస్తున్నవ్, నీకు తెల్వకనే చేస్తున్నవ్, పా, కార్ఖానా గేటు కాడ ఖాళీ చేట పట్టుకోని కూసో, మేమందరం ఎంట ఉంటం అన్నడు. పోశవ్వ పొయ్యిమీద పల్లికాయలు ఉడుకవెడుతున్నది. నేను గేటు కాడికస్తె మరి ఇంట్ల ఎవలుంటరు అన్నది. ఇది పోరాటం వదినా అన్నడు. ఇయి పల్లికాయలు, తిను అన్నది. తిన్నడు. గోడకు ఒరిగి కూసోని మస్తు తిన్నడు. నాలుగు గంటలకు మీటింగు, పని గంటల మీద, నువ్వు మాట్లాడాలె అని నాకు చెప్పి, జెండా మర్సిపోయి పోయిండు.

ఇంకేం చేసింది అంటవా? ఏం చెయ్యలే. పల్లికాయలు తిన్నది. పెరట్ల బంతిపూలు తెంపకుంట సూసింది. మీ నాయన తలల పేండ్లు సూసింది, దొరుకుతెనే తీసింది, లేకుంటె లేదు. మక్కగారెలు చేస్త అన్నది, మళ్ళ ఎందుకులే అన్నది. గట్ల అనుడు గూడ నేను గప్పుడే ఇన్న. అన్నం తిన్నంక అర్రల చాప ఏసుకోని పండుకున్నది. గురకవెట్టి పండుకున్నది, పట్టపగలు.

నేను మీటింగుకని అంగి ఏసుకుంటున్న. పక్కకు జూస్తె పోశవ్వ చేతులు ఆడుతున్నయ్. మనిషి నిద్రల ఉన్నది. రెండు చేతులు కడుపు మీద పెట్టుకోని సుట్టుతున్నది. బొటనేలు, సూపుడేలు, సుట్టుడు, కొస మలుసుడు, దారం తిప్పుడు, పక్కకు పెట్టుడు. మళ్ళ సుట్టుడు. ఆకు లేదు, తంబాకు లేదు. మొఖం మాత్రం మంచిగ, పసిపోరి మొఖం లెక్కున్నది. చేతులకు తెల్వదు, ఆదివారమని. నేను పక్కపొంటి కూసోని రెండు చేతులు పట్టుకున్న. ఆగినయ్. మెల్లగ ఇడిస్తె మళ్ళ సురువైనయ్. ఇగ ఇడువలే. నాలుగైంది. మీటింగుకు పోలే. శ్రీహరి మనిషిని పంపిండు, పోలే. ఎండ గడప దాటి పోయింది. గట్లనే కూసున్న.

పొద్దు గూకే యాల్లకు ఆమెనే లేసింది. చేతులు జూసుకున్నది, నన్ను జూసింది. ఇడిసిపెట్టు, ఆకు నానబెట్టాలె అన్నది.

ఇడిసిపెట్టిన.

గా ఫ్యాను జెర బందువెట్టు బిడ్డా. సలి పెడ్తుంది.