ఆరు పావు డాలర్లు

కెంటకీలో ఓ చిన్న పట్నం. జిల్లా మొత్తానికీ పాత నాణేల కొట్టు అదొక్కటే. కొట్టు డెరిక్‌ది, ముప్పై అయిదేళ్ళుంటాయి. బల్లకి ఇవతల లోర్నా అనే పెద్దావిడ తను తెచ్చిన కాఫీ డబ్బాలోని నాణేలు బోర్లించింది.

“పందొమ్మిది వందల నలభై మూడు నాటి ఈ సెంటు బిళ్ళకి లక్షలన్నారే ఇంటర్నెట్‌లో!”

“అంటారు, వాళ్ళదేం పోయింది? ఇదిగో, అయస్కాంతం పెడుతున్నా చూడండి. అంటుకుందా?”

“అంటుకుంది.”

“ఉక్కుది. నలభై మూడులో రాగంతా యుద్ధానికి పోయిందని సెంటు బిళ్ళలు ఉక్కుతో వేశారు. కోట్లకొద్దీ వేశారు. లక్షలు పలికేవి ఆ ఏడు పొరపాటున రాగితో పడినవి. అవి నాలాంటివాడు కలలో చూడాల్సిందే.”

“అయితే దీనికెంతిస్తావు?”

“పది సెంట్లు. సరే, మీరని పదిహేను.”

“అబ్బో! ఇక నన్ను పట్టుకోలేరు. మరి ఈ డప్పు వాయించేవాడి బొమ్మ?”

“డెబ్బై ఆరుది. పావు డాలరు పావు డాలరే, సోడా కొనుక్కోండి. అమ్మా, ఒక్క మాట. వీటిని కడిగారా?”

“వెనిగర్లో నానేసి బ్రష్షుతో రుద్దాను. తళతళలాడటం లేదూ?”

“అయ్యో అయ్యో, ఎంత పని చేశారమ్మా! పాత నాణెం కడగకూడదు. మెరుపొచ్చిందంటే విలువ పోయినట్టే. మురికుంటే మురికితోనే తేవాలి.”

“మురికి కాదు బాబూ. వాన మరకలు, పిట్టల రెట్టలు. రాతి మీద పడున్నవి ఇవి.”

“ఏ రాతి మీద?”

“ముందు ఇవి చూడు. ఈ అయిదూ వేరే గుడ్డలో కట్టి తెచ్చాను.”

“ఏవీ, ఇలా ఇవ్వండి.”

“ఏమిటలా అంచుకేసి చూస్తున్నావు?”

“అంచుకి ఎర్రగీత లేదు. అంటే లోపల రాగి లేదు. అరవై రెండు, అరవై నాలుగు... అప్పటి పావు డాలర్లు వెండివి.”

“అదే అనుకున్నాను. రుద్దుతుంటే మిగతా పావు డాలర్లకి గీత కనిపించింది, వీటికి లేదు. ఇవి చిల్లరలో వస్తాయా?”

“రావు. అరవైల్లోనే జనం ఏరి దాచేసుకున్నారు.”

“మరెక్కడ దొరుకుతాయి?”

“ఇలాంటి కొట్లలో.”

“ఇలాంటి కొట్లు ఈ జిల్లాలో ఎన్ని?”

“...ఇదొక్కటే. వెండి ధర కట్టి ఇచ్చేస్తాను. మంచి ధరే ఇస్తాను, ఇచ్చెయ్యండి.”

“ధర కోసం రాలేదు. నీ దగ్గర ఇవి ఎవరు కొంటారో చెప్పు.”

“చాలామంది కొంటారు. పేర్లు రాసుకోను.”

“ఏడాదికొక్కటి కొనేవాడు. అక్టోబరులో.”

“గుర్తులేదమ్మా.”

“గుర్తు తెచ్చుకో. నా కొడుకు కోల్బీ యుద్ధంలో, కందహార్లో పోయాడు. ఆరేళ్ళయింది. సైనికుల సమాధుల మీద బిళ్ళలు పెడతారు, తెలుసు కదా నీకు?”

“తెలుసు.”

“నాకు తెలీదు మొదట్లో. ఎవరో పారేశారనుకుని ఏరేసి డబ్బాలో పోసేదాన్ని. అక్కడ గడ్డి కోసే ముసలాయన చెప్పాడు. ఊరికే చూడ్డానికొచ్చినవాడు సెంటు పెడతాడట. కలిసి శిక్షణ పొందినవాడు అయిదు సెంట్లు. కలిసి యుద్ధం చేసినవాడు పది సెంట్లు. పావు డాలరు మాత్రం...”

“తెలుసన్నాను కదా!”

“...ప్రాణం పోయేటప్పుడు పక్కనున్నవాడే పెడతాడట. మావాడు పోయిన రోజున, ఏటా, ఒక వెండి పావు డాలరు. మీ వాడు బాధపడకుండా పోయాడని సైన్యం వాళ్ళు ఉత్తరం రాశారు. అది అందరికీ రాసేదే. పక్కనున్నవాణ్ణి అడగాలి నేను.”

“అందరూ పద్ధతి ప్రకారమే పెడతారని ఏముందమ్మా? జేబులో ఏదుంటే అది పెట్టేస్తారు.”

“వెండిది ఊరికే జేబులో ఉంటుందా? ఇప్పుడేగా రాదన్నావు.”

“అనలేదని కాదు... సరే, నేనివి కొనను. తీసుకెళ్ళి ఆ రాతి మీదే పెట్టెయ్యండి. ఆరూ అక్కడే ఉండాలి.”

“నేను నీ బల్ల మీద పెట్టినవి అయిదు.”

“అయిదే. అయిదే అన్నాను.”

“ఆరన్నావు. ఆరోది ఇదిగో, నా గుప్పిట్లో ఉంది. పోయిన వారం దొరికింది, దీన్ని కడగలేదు. ఆరని నీకెలా తెలిసింది నాయనా?”

“కొట్టు మూసే వేళైంది.”

“మధ్యాహ్నం రెండింటికా?”

“వెళ్ళిపొండమ్మా. మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.”

“నువ్వేనా? నువ్వేనా నాయనా! నిన్ను కన్నతల్లి చల్లగా ఉండాలి. ఇన్నేళ్ళూ ఒక్కసారి మా గడప తొక్కలేదేం? మా ఆయన పోయేదాకా ఒకటే ఏడుపు, పిల్లాడు దిక్కులేకుండా పోయాడేమోనని. నాకు మాత్రం ఈ బిళ్ళ చూసినప్పుడల్లా గుండె కుదుటపడేది. నా బిడ్డ తల ఎవరి ఒళ్ళోనో ఉందిలే అనుకునేదాన్ని. చివరికి ఏమన్నాడు వాడు? ఒక్క మాట చెప్పు చాలు.”

“...పిలిచాడు.”

“ఎవర్ని? నన్నా?”

“నన్ను. పేరు పెట్టి. చాలాసేపు పిలిచాడు. గోడ ఇవతలికి నాకు వినబడుతూనే ఉంది.”

“గోడ ఇవతలికంటే?”

“ఆ పావు డాలర్లు ఇలా ఇచ్చెయ్యండమ్మా. నేను పెట్టాల్సింది పది సెంట్ల బిళ్ళ.”