బిడ్డ పేరు మీద

ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి కిటికీ ముందు, వెల్డింగు పనివాడు రెండు నెలల కూతుర్ని భుజాన వేసుకుని నిలబడ్డాడు. వెనక బెంచీ మీద భార్య గోడకేసి చూస్తూ కూర్చుంది.

"బీమా కార్డు ఉందా అన్నా?"

"లేదమ్మా. కాన్పయినప్పటి నుంచి మా ఆవిడకి నిద్ర లేదు. నిన్న బిడ్డని పట్టుకుని నీళ్ళ తొట్టి దగ్గర అలాగే నిలబడిపోయింది. మనసు డాక్టరుకి చూపించాలి."

"చూడటానికి బాగానే ఉందిగా?"

"అతుకు ఊడేదాకా ఏ గేటైనా బాగానే ఉంటుందమ్మా."

"కార్డు లేకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళాలి."

"వాళ్ళే ఇక్కడికి పొమ్మన్నారు తల్లీ."

"నన్నేం చేయమంటావు? ఇక్కడ పసిపిల్లలకే ఉచితం."

"అయితే బిడ్డ పేరు మీదే రాయి."

ఆ అమ్మాయి జాలిపడి కలం తీసింది. "సరే, బిడ్డకేం జబ్బు?"

"అమ్మ లేదు."

కలం ఆగిపోయింది. "అలా రాయడానికి ఇందులో గడి లేదన్నా."

బెంచీ మీది మనిషి ఆ మాటకీ తల తిప్పలేదు.