లారీతో పందెం వేసిన బాబాయి

టీకొట్టు బల్లమీద కూర్చుంటే బాబాయి నోరు ఊరుకోదు. కాలవగట్టున దొంగచాటుగా చెత్త పారబోసేవాళ్ళని పట్టుకోమని మునిసిపాలిటీ ఆయన్ని కాపలా పెట్టింది. కాపలా పెట్టాకే కుప్ప పెరిగిందని కొట్టు పక్కనే మిషను పెట్టుకున్న దర్జీ రోజూ దెప్పుతూనే ఉన్నాడు. ఇవాళ పొద్దున ఓ లారీ పట్టుబడింది. ఇక ఆయన్ని ఆపేదెవరు?

"గోడపెళ్ళలూ, పాత పరుపులూ గట్టుమీద గుమ్మరించాడు. 'ఎవడ్రా అది!' అన్నాను. అంతే, బండిని ఉరికించాడు. నేనూరుకుంటానా? పరుగో పరుగు!"

"లారీ వెంటా?" ప్యాంటు అంచు కుడుతున్న దర్జీ తలెత్తాడు.

"వెంటేమిటయ్యా, పక్కన! వాడు గేరు మారిస్తే నేను అడుగు మార్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంతెన దగ్గర లారీని దాటేశాను. వెనక్కి చూస్తే వాడు కనపడడే! పాపం, దారి తప్పాడేమోనని వాడికోసం ఆగాను."

టీ పోస్తున్న అక్క నవ్వాపుకుంటూ, "చెప్పులు అరగలేదా బాబాయ్?" అంది.

"అరగడమా! పొగలొచ్చాయి. ఒకాయన నా చెప్పుతో సిగరెట్ ముట్టించుకున్నాడు."

"పరుగెత్తుతూండగానే?"

"నేనాగలేదమ్మా, ఆయనే నాతో పరుగెత్తాడు. చివరికి ఇదిగో, ఈ ఎదురుగా మునిసిపాలిటీ ఆఫీసు ముందు లారీ వెనక తలుపు పట్టి ఒంటిచేత్తో లాగాను. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. డ్రైవరు అంత ఎత్తునుంచే దండం పెట్టాడు, 'దించండి బాబూ, చెత్తంతా నేనే ఎత్తుకుపోతాను' అని!"

అప్పుడే ఆ వీధి ఊడ్చే చెల్లెమ్మ చీపురు గోడకి ఆనించి లోపలికొచ్చింది. ఆమెని చూడగానే బాబాయి గొంతులో టీ అడ్డం పడింది.

"అన్నయ్య పరుగెత్తింది నిజమే, నేను కళ్ళారా చూశాను," అందామె.

బాబాయి ఛాతీ ఉబ్బింది.

"చొక్కా లారీ కొక్కేనికి తగులుకుంటే పరుగెత్తక ఏం చేస్తాడు మరి?"

కొట్టంతా ఘొల్లుమంది. బాబాయి గ్లాసులోకి తల దించేశాడు. ఆ మొహం చూసి ఆమెకే మనసొప్పలేదు.

"నవ్వింది చాలు. ఈయన పెట్టిన కేకలకే కదా వీధంతా బయటికొచ్చి లారీకి అడ్డం నిలబడింది? ఇప్పుడు ఆఫీసువాళ్ళు ఆ కుప్పంతా డ్రైవరు చేతే ఎత్తిస్తున్నారు. ఇన్నాళ్ళూ మనలో ఎవరివల్లయింది?"

దర్జీ ప్యాంటు పక్కనపెట్టి సూదిలో కొత్త దారం ఎక్కించాడు.

"చొక్కా ఇలా ఇవ్వు బాబాయ్. వీపంతా చిరిగింది, కుట్టిపెడతాను."

బాబాయి మెల్లగా గుండీలు విప్పాడు. చొక్కా అందిస్తూ అందిస్తూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చూసి కుట్టవయ్యోయ్! లారీని ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చిన చొక్కా అది!"