ఏడంగుళాల చక్రం

"అబద్ధం చెప్పే అలవాటు ఉండుంటే ఈ కథ ఇంకా రక్తి కట్టేది," అంటూ అన్న సుత్తిని బల్ల మీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నా ఖర్మ, నాకు ఆ విద్య రాలేదు. జరిగింది జరిగినట్టే చెబుతాను, చప్పగా ఉంటే ఏమనుకోకండి."

బోర్లించిన రంగు డబ్బాల మీద కూర్చున్న వడ్రంగీ దర్జీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని సర్దుకు కూర్చున్నారు. గుమ్మం దగ్గర విడిగా వేసిన కుర్చీలో ఉన్న తమ్ముడు మాత్రం కదలలేదు.

ఆ షెడ్డు కారు కోసం కట్టించినదే కాని, అందులో కారు నిలిచి పదేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ గోడ పొడవునా ఒక బల్ల, దానికి బిగించిన ఇనుప పట్టు, మేకులకు వేలాడే రంపాలు, డబ్బాల నిండా ఏ మిషనువో ఎవరికీ గుర్తులేని బోల్టులు ఉన్నాయి. పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి దిగిపోయిన అన్నకు అదే కొలువు. సెలవు రోజు ఉదయం వీధిలో ఎవరి ఇంట్లో ఏది మొరాయించినా ఇక్కడికి వస్తుంది. దాని వెనకే దాని యజమానీ వచ్చి, పని పూర్తయ్యేదాకా, అంటే కథ పూర్తయ్యేదాకా, కూర్చుంటాడు. దర్జీ ఆ పూట కుట్టుమిషను చక్రం తెచ్చాడు. వడ్రంగి ఏమీ తేలేదు. తన ఇంట్లో తుప్పుపట్టిన కిటికీ ఊచలు కోయడమెలాగో అడగడానికి వచ్చాడు. "చెక్కయితే నేను చెప్పినట్టు వింటుంది పెద్దాయనా, ఇనుముకి నేనంటే లెక్కలేదు," అన్నాడు. ఆ మాటతోనే కథకు తెర లేచింది.

తమ్ముడు సర్వే ఆఫీసులో నక్షాలు గీసే మనిషి. నాలుగు నెలల క్రితం ఈ బల్ల పక్కనే అతని ఎడమ కన్ను పోయింది. "ఉలి మీద సుత్తి వేస్తుంటే పెచ్చు ఎగిరింది, తప్పు నాదే," అని ఆస్పత్రిలో అతనే చెప్పాడు. ఆఫీసులోనూ అదే రాసిచ్చాడు. భార్యకూ అదే చెప్పాడు. వీధి దానినే నమ్మింది.

అసలు సంగతి తెలిసినవారు ముగ్గురే: అతను, అన్న, వదిన. అది పెద్ద కథ కూడా కాదు. నాలుగంగుళాల చక్రం మాత్రమే పట్టవలసిన చేతి గ్రైండరుకు అన్న ఏడంగుళాల చక్రం తగిలించాడు. అది పట్టడానికి అడ్డుగా ఉన్న ఇనుప గార్డును విప్పేశాడు. తమ్ముడు ఊచ పట్టుకున్నాడు. ఆ వేగానికి చక్రం పగిలింది. అంతే. ఆస్పత్రి వరండాలో అన్న గోడవైపు తిరిగి నిలబడి, ఆ గోడకేసే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆ వీపును చూశాకనే తమ్ముడు డాక్టరుకు ఉలి కథ చెప్పాడు. ఆనాటి నుంచి ఆ విషయం ముగ్గురి మధ్య మళ్ళీ మాటల్లోకి రాలేదు.

వదిన మూడుసార్లు కబురు పెడితే ఈ రోజు వచ్చాడు. అన్న నోటి నుంచి ఒక్క మాట వినడం కోసం వచ్చానని అతను తనకు తాను కూడా ఒప్పుకోడు. కాని అందుకే వచ్చాడు.

"వానలకు ముందు సంగతి," అన్న అందుకున్నాడు. "సందు చివర మిల్లు లేదూ, దాని గేటు కీలు బిగుసుకుపోయింది. ముగ్గురు మేస్త్రీలు వచ్చి చేతులెత్తేసి వెళ్ళారు. కీలంటే మీ ఇంటి తలుపు కీలనుకునేరు, నా మోచేతంత లావు. సరే, మన చిన్న మిషను తీసుకుని వెళ్ళాను. దాని చిన్న చక్రంతో గీకుతుంటే ఎలుక కొబ్బరిచిప్పని గీకినట్టుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. గార్డు విప్పి అవతల గిరాటేశాను. రెండు స్క్రూలు, రెండు నిమిషాలు. ఏడంగుళాల చక్రం తగిలించాను. అరటి దూటలో కత్తి దిగినట్టు దిగిపోయింది!"

"అంత పెద్దది ఆ చిన్నదానికి పడుతుందా?" వడ్రంగి ముందుకు వంగాడు.

"పట్టడమేమిటయ్యా, దానికోసమే పుట్టినట్టు కూర్చుంటే!"

తమ్ముడు నేలకేసి చూశాడు. సిమెంటు నేల కడిగి ఉంది. మూలల్లో కూడా దుమ్ము లేకుండా కడిగి ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోత పూర్తయింది, కాని కీలు ఊడిపడదే! ఎందుకు పడుతుంది? తాను తెగినట్టు దానికే తెలియలేదు. అంత వేగం. పొద్దున తొమ్మిదింటికి కోస్తే సాయంత్రం దాకా గేటు అలాగే నిలబడింది, లారీలు కూడా వచ్చి వెళ్ళాయి. ఆరింటికి కాపలావాడు తుమ్మాడు. అప్పుడు పడింది, దభీమని."

"తుమ్మకపోతేనో?" అన్నాడు దర్జీ.

"తుమ్మకపోతే ఇవాళ్టికీ నిలబడే ఉండును. మనిషన్నాక తుమ్మకుండా ఎన్నాళ్ళుంటాడు?"

వడ్రంగి తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు తగలగానే అన్న గొంతులో కొత్త బలం వచ్చింది. తమ్ముడికి ఆ గొంతు చిన్నప్పటి నుంచి తెలుసు. తండ్రి కోప్పడబోయే ప్రతిసారీ అన్న ఆ గొంతుతోనే ఇంటిల్లిపాదినీ నవ్వించి గండం దాటేవాడు.

"ఇక నిప్పురవ్వలంటారా, అబ్బో! మిల్లు గోడ దాటి, వీధి దాటి, ఎదురింటి మేడ ఎక్కాయి. అక్కడ ఆరేసిన దుప్పట్లు పన్నెండు. పన్నెండూ ఎండిపోయాయి. ఇస్త్రీ కూడా అయిపోయాయి."

"మడతలు ఎవరు పెట్టారు గురువుగారూ?" అన్నాడు దర్జీ.

"మడతలు కూడా నేనే పెట్టాలా? నేనేమైనా పనిలేనివాడినా? ఆ వెలుగుకి మేడమీది ముసలావిడ, పాపం, మళ్ళీ తెల్లారిందనుకుని రెండోసారి పళ్ళు తోముకుంది. మన వీధి దీపాలైతే పట్టపగలే సిగ్గుపడి ఆరిపోయాయి."

"పగలు వాటిని ఎవరు వెలిగించారు?"

"చూశావా, అదే నేనూ అడిగాను! ఇప్పటిదాకా సమాధానం చెప్పినవాడు లేడు."

వదిన పళ్ళెంలో టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది. అందరికీ ఇచ్చి, మరిది దగ్గరికి వచ్చినప్పుడు కుడివైపు నుంచి, అతని చూపు ఉన్న వైపు నుంచి, అందించింది. "చల్లారకముందే తాగవయ్యా," అంది, ముఖం చూడకుండా.

"అంతా బాగానే ఉంది," అన్నాడు అన్న. "అప్పుడు, చక్రం..."

ఆగాడు. పళ్ళెం మీద ఉన్న వదిన చెయ్యి కూడా ఆగింది. తమ్ముడు అన్న ముఖం చూశాడు. ఒక క్షణం ఆ ముఖంలో మాటలు పుట్టించే మనిషి కనబడలేదు. ఆస్పత్రి వరండాలో గోడకేసి చూసిన మనిషే కనబడ్డాడు. తమ్ముడు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఎదురుచూశాడు. చెబుతాడేమో. వీధి అందరి ముందు కాకపోయినా, ఈ ఇద్దరి ముందైనా.

"చక్రమేమైంది పెద్దాయనా?" అన్నాడు వడ్రంగి.

"చక్రమా?" అన్న ముఖం మళ్ళీ వెలిగింది. "ఊడింది! ఊడి, పక్కలకు వెళ్ళలేదు సుమా, తిన్నగా పైకి లేచింది. మిల్లు రేకుల కప్పు చీల్చుకుని వెళ్ళింది."

"మరి కప్పుకి చిల్లు పడలేదూ? నిన్ననే చూశాను, నిక్షేపంగా ఉంది."

"తిరిగొచ్చేటప్పుడు పూడ్చుకుంటూ వచ్చిందయ్యా! మంచి వేడి మీద ఉందిగా, వెల్డింగు అయిపోయింది. కథ పూర్తిగా విను. పైన ఒక నల్లమబ్బు. దాన్ని మన దర్జీ గుడ్డ కత్తిరించినట్టు నిట్టనిలువునా చీల్చింది. ఒక సగం మన వీధిలో కురిసింది, రెండో సగం ఒక్క చుక్క రాల్చకుండా పక్క ఊరికి వెళ్ళిపోయింది. వాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆ పైన విమానం. చక్రం రావడం చూసి పైలటు ఏం చేశాడో తెలుసా? కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నువ్వే ముందు వెళ్ళమ్మా అని దారిచ్చాడు. అక్కడి నుంచి పడమటికి తిరిగి పొద్దు అంచు కాస్త చెక్కింది. ఆ రోజు పావుగంట ముందే చీకటి పడింది. కావాలంటే ఎవరినైనా అడగండి."

"ఎవరిని అడగాలి?"

"ఎవరినైనా అన్నానా లేదా? అడుగు, ఎవరో ఒకరు చెబుతారు."

దర్జీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు. అన్న గొంతు తగ్గించాడు.

"నేను కంగారు పడలేదు. మిషను పట్టుకుని నిలబడి, ఇలా వేలు చూపించాను. పెంచుకున్న పావురంలా తిరుగుతూ దిగి, దాని చోట అది కూర్చుంది. చక్రం మీద ఒక్క గీత లేదు. ఒక్కరికంటే ఒక్కరికి గోరంత గాయం లేదు."

ఆ చివరి మాట గోడకు చెప్పాడు.

తమ్ముడికి కోపం రావలసింది. రాలేదు. ఆ చక్రం కిందికి రాకుండా ఉండడానికే అన్న దానిని మబ్బుల్లోకి, విమానాల్లోకి, పొద్దు అంచుకి తిప్పుతున్నాడని అతనికి అర్థమైంది. నాలుగు నెలలుగా ఆ మనిషి దానిని నేల మీదికి దింపలేకపోతున్నాడు. ఇలాగే ఎగరనిస్తే పోయేదేముంది అని కూడా ఒక్క క్షణం అనిపించింది. వినడానికి వచ్చిన మాట వినకుండానే ఇంటికి వెళ్ళిపోవచ్చు. టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"మబ్బులూ విమానాలూ మీరే ఉంచుకోండి పెద్దాయనా," అంటూ వడ్రంగి లేచాడు. "ఆ పెద్ద చక్రం ఉపాయం మాత్రం నాకు నచ్చింది. రంపంతో అయితే మూడు రోజుల చాకిరీ. ఒక్క పూట మిషను ఇప్పించండి. పదహారు ఊచలున్నాయి. మా ఆవిడ పట్టుకుంటుంది, నేను కోసేస్తాను. పొద్దుగూకేలోగా తెచ్చి ఇక్కడే పెడతాను."

అన్న నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది. ఇవ్వనంటే ఎందుకో చెప్పాలి. బల్ల కింద గోనెసంచిలో చుట్టి ఉన్న మిషను వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మళ్ళీ వడ్రంగి ముఖంలోని మెచ్చుకోలు వైపు చూశాడు.

"దానికేం," అన్నాడు నెమ్మదిగా. "తీసుకెళ్ళు. చేత్తో మాత్రం గట్టిగా పట్టుకో."

వదిన "ఏమండీ" అంది.

వడ్రంగి వంగి గోనెసంచి విప్పాడు. గార్డు లేని గ్రైండరు బయటికి వచ్చింది. గోడకు మేకుకు తగిలించి ఉన్న ఏడంగుళాల కొత్త చక్రాన్ని తీసి, ముద్దుగా వేలి మీద తిప్పి చూసుకున్నాడు.

మబ్బు చీలిందంటే వడ్రంగీ దర్జీలలో ఎవరూ నమ్మలేదు, విమానాన్నీ నమ్మలేదు. కాని "రెండు స్క్రూలు, రెండు నిమిషాలు" అన్న మాట నమ్మారు. కథంతటిలో మనిషిని చంపగలిగేది ఆ ఒక్క మాటే. అది నవ్వు పుట్టించలేదు కాబట్టి ఎవరూ దాని గురించి ఎదురు ప్రశ్న వేయలేదు.

"మీ ఆవిడ ఎటు నిలబడుతుంది?" అని అడిగాడు తమ్ముడు.

పొద్దుటి నుంచి నోరు విప్పని మనిషి మాట్లాడేసరికి వడ్రంగి తడబడ్డాడు. "ఎటేమిటండీ... ఊచ పట్టుకోవాలి కదా. ఎదురుగా."

"నేనూ ఎదురుగానే నిలబడ్డాను."

వడ్రంగి వేలి మీద తిరుగుతున్న చక్రం తనంతట తాను నెమ్మదించి ఆగింది.

"చక్రం ఊడలేదు," అన్నాడు తమ్ముడు. అతని గొంతు ఆఫీసులో కొలతలు చదివి వినిపించే గొంతులాగే ఉంది. "పగిలింది. మూడు ముక్కలు. ఒకటి ఆ గోడలో దిగింది, అక్కడ సిమెంటు పూసి ఉంది, చూడండి. ఒకటి బల్ల కింద దొరికింది. మూడోది డాక్టరు కంట్లోంచి తీసి నాకు చూపించాడు. గోరంతే ఉంది."

"ఉలి పెచ్చు అన్నారు కదండీ?" దర్జీ అడిగాడు.

"అన్నాను."

రేపు ఆఫీసులో రాసిచ్చిన కాగితం అబద్ధమవుతుంది. ఇంట్లో భార్య నాలుగు నెలల మాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి తిరగేస్తుంది. ఈ వీధిలో అన్న ఇక ఏ కథ మొదలుపెట్టినా ఎదురుగా కూర్చున్నవాళ్ళు సిమెంటు పూసిన ఆ గోడవైపే చూస్తారు. ఇవన్నీ తెలిసే తమ్ముడు మాట్లాడాడు. మాట్లాడిన తర్వాత గుండె తేలికవుతుందని అతను అనుకోలేదు, కాలేదు కూడా.

వడ్రంగి చక్రాన్ని రెండు చేతులతో, గాజు వస్తువును దించినట్టు, బల్ల మీద పెట్టాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు. "నిజమేనా?"

అన్న నోరు తెరిచాడు. ఒక మాట పెదవుల దాకా వచ్చినట్టే కనిపించింది. ఇప్పటికీ ఒక మబ్బు, ఒక పావురం, అందరూ నవ్వి లేచి వెళ్ళిపోగల ఏదో ఒకటి దొరుకుతుందేమోనని అతని చూపు షెడ్డంతా వెతికింది. రంపాలను చూశాడు, డబ్బాలను చూశాడు, చివరికి తమ్ముడి ముఖం చూశాడు. నాలుగు నెలల్లో ఆ ముఖాన్ని, ఆ ఎడమ వైపును, అతను తిన్నగా చూడడం అదే మొదటిసారి.

"ఔను," అన్నాడు.

ఎవరూ అడగకుండానే ఇంకొక మాట చెప్పాడు. అది తమ్ముడు డాక్టరుకు గాని, భార్యకు గాని, ఇప్పుడు ఈ ఇద్దరికి గాని చెప్పని మాట.

"వాడు వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు. పిరికివాడివిరా అని నవ్వాను."