కుడి చిలక తోక

ఆటోనగర్‌లో లారీలకు బొమ్మలు వేసే షెడ్డు. నిచ్చెన మీది నుంచి పడ్డప్పటి నుంచీ రాంబాబు కుడిచేతిలో పట్టు లేదు. ఇప్పుడు అతని పని శిష్యుడు జయపాల్ చేస్తున్నాడు. వాణ్ణి పలకరించడానికని వచ్చాడు రాంబాబు. పలకరించడానికేమిటి, ఓర్వలేక వచ్చాడు.

“అంటే కన్ను కూడా నువ్వే పెట్టేశావన్నమాట!”

“లారీ ఓనరు వెంకటకృష్ణారావు గారు తొందరపెట్టారన్నా. కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డారు.”

“ఈ షెడ్డులో చిలక్కి కన్ను పెట్టేది మేస్త్రీ. తెలుసా, తెలీదా?”

“తెలుసన్నా.”

“తెలిసే పెట్టావు.”

“నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.”

“ఎత్తబోతే జారి కిందపడింది. చాలా? సంతోషమా?”

“అవేం మాటలన్నా. ఇదిగో, టీ తాగు.”

“సగమే పొయ్యి. నిండుగా ఉంటే ఒలికిపోతుంది.”

“డాక్టరేమన్నారు?”

“స్కానింగు బాగుందంట. నరాల పరీక్ష బాగుందంట. అన్నీ బాగున్నాయంట, చెయ్యి తప్ప. మీ వదిన రేపు పటమటలో ఇంకో డాక్టరు దగ్గరికి లాక్కెళ్తానంటోంది.”

“వెళ్ళన్నా.”

“వెళ్ళి ఏం చెప్పను? నిచ్చెన పట్టుకున్నవాడు వదిలేశాడని చెప్పనా? కింద పట్టుకుంది నువ్వేగా?”

“నేనే.”

“మరి?”

“టీ చల్లారిపోతోందన్నా.”

“ఎప్పుడూ ఇంతే. ఆ మాటెత్తితే చాలు, టీ అంటావు, టర్పెంటైన్ అంటావు. నాకు కుళ్ళుగా ఉందిరా, దాచుకోను. నువ్వు బొమ్మలేసిన లారీ మా ఇంటి ముందు నుంచి వెళ్తే తలుపేసుకుంటున్నాను. ‘జయపాల్ బాగా వేస్తున్నాడంట’ అని మీ వదిన అంటే ఆ పూట అన్నం సహించలేదు.”

“నాకు నేర్పింది నువ్వేగా అన్నా.”

“నేర్పింది ఇలాగేనా? అదిగో, వెల్డింగుకని ఊడదీసి గోడకి ఆనించావే, ఆ రెండు చిలకల వెనక డోరు. వెంకటకృష్ణారావు గారి కొత్త బండిదేగా?”

“ఆయనదే. కానీ అది...”

“కానీ లేదు, గీనీ లేదు. ఎడమ చిలక తోక చూడు, ఒక్క ఊపులో లాగినట్టుంది. దానికి వంక పెట్టలేను. ఇప్పుడు కుడి చిలక తోక చూడు. సగంలో వణికింది. చివరికొచ్చేసరికి బ్రష్షు జారింది. పైన ఇంకో గీత లాగి కప్పెట్టావు. ఇలా వేసినవాడు నా చిలక్కి కన్ను పెడతాడా?”

“అన్నా, ఆ డోరు సంగతి వదిలెయ్.”

“ఎందుకు వదలాలి? సిగ్గేస్తోందా? చెప్పరా, ఈ తోక వేసిన చేతికి బ్రష్షు పట్టే అర్హత ఉందా?”

“అలా అనకన్నా.”

“ఉందా, లేదా?”

“అది కొత్త బండి డోరు కాదన్నా. ఆయన పాత బండిది. నువ్వు పడ్డానికి నెల ముందు వేసింది.”

“అప్పుడు నువ్వు రంగులు కలిపేవాడివి. బొమ్మలు వేసింది...”

“నువ్వే.”

“అబద్ధం. ఆ ఎడమ తోక మరి?”

“అదీ అలాగే వణికిందన్నా. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు తుడిచేసి నేను మళ్ళీ వేశాను. కుడిది దిద్దేలోపు నువ్వొచ్చేశావు.”

“అంటే అప్పటికే నా చెయ్యి...”

“అప్పటికే. నీకు చెప్పడానికి నోరు రాలేదు. రేపు డాక్టరు ఎప్పట్నుంచని అడిగితే నిచ్చెన దగ్గర మొదలుపెట్టకన్నా, ఈ తోక దగ్గర మొదలుపెట్టు. ఆ రోజు కింద నేను రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. పైన నీ చెయ్యే ముందు వదిలేసింది.”