ఆర్లో డబ్బాలో నా తూటాలు

ఎవరి గురించీ, ఆర్లో గురించా? నువ్వు ఆయన చెల్లెలి మనవరాలివా? ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోందిలే. కూర్చో అమ్మాయ్. ఈ హోటల్లో ఆపిల్‌పై తినకు, చెర్రీది చెప్పు. ఆఁ, ఆర్లో. ఈ లోయలో దుప్పుల వేటకెళ్లే ప్రతివాడి జేబులోనూ ఆయన చేతి తూటాలే ఉండేవి. కొట్లోవి ఎవడిక్కావాలి? టైర్ల షాపులో చక్రాలకి కొట్టే పాత సీసం బిళ్లలుంటాయి చూడు, అవి బకెట్లతో తెచ్చి, కరిగించి, అచ్చులో పోసి గుండ్లు తీసేవాడు. బొటనవేలి గోరుతో ఓ గీత గీసి, "ఇది మెత్తనిది, మన డెల్మర్ పిస్తోలుకి. ఇది గట్టిది, రైఫిలుకి" అనేవాడు. గుండు మీద సన్న ముడత కనపడిందా, మళ్లీ మూకుట్లోకే! "అచ్చు వేడెక్కకుండా పోశావా, మా అత్తగారి మొహంలా ముడతలు పడుద్దిరా వర్జిల్" అని నన్ను తిట్టేవాడు.

ఇంకోటేంటంటే, తుపాకీ మందు పోసేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. పోశాక ఇత్తడి గుల్లలన్నీ వరసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కోదాన్లోకి తొంగి చూసేవాడు. గుండు పెట్టి మూసేశాక లోపల మందుందో లేదో ఎవడికి తెలుసు? పైకి అన్నీ ఒకటే. నేనూ చేసేవాణ్ణి, ఆయన షెడ్లోనే, ఆయన నేర్పిందే. కానీ ఎవడూ తీసుకునేవాడు కాదు. డెల్మర్ అయితే అందరి ముందూ, "వర్జిల్ తూటాలా? ఇటివ్వండ్రా, గోడకి మేకులు కొట్టుకుంటా" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఏం చేస్తాం.

ఓ ఏడు చర్చి వెనకాల గురి పందెం పెట్టారు, గెలిచినోడికి టర్కీ కోడి. డెల్మర్ కోసం ఆర్లో యాభై నింపి, డబ్బాలో సర్ది, మూత మీద తన పేరు రాసి, "నేను కట్టెలకెళ్తున్నా, వాడొస్తే ఇచ్చెయ్" అన్నాడు. అదీ... నేనేం చేశానంటే, పది తీసేసి నావి పది పెట్టాను. వాడు గెలిచాక, "ఒరే, నువ్వు కొట్టింది నా తూటాలతోనే" అందామని. అంతే అమ్మాయ్. అంతే.

నావి నింపేటప్పుడు రేడియోలో బేస్‌బాల్ వింటున్నాను. టార్చి వెయ్యలా. ఒకదాన్లో మందు లేదు. మందు లేకపోయినా గుల్ల వెనకుండే చిన్న బిళ్ల పేలుద్ది కదా, ఆ కాస్త జోరుకి గుండు గొట్టంలోకి దూరి ఇరుక్కుపోద్ది. డెల్మర్ నొక్కితే 'టిక్' అంది. జనం నవ్వారు. నేనే ముందు నవ్వాను. వాడికి రోషమొచ్చి వెంటనే మళ్లీ నొక్కాడు. రెండో తూటా ఆ ఇరుక్కున్న గుండుకి తగిలి గొట్టం చీలిపోయింది. కుడిచేతి రెండు వేళ్లు... ఆ మంచులో వెతికారు కూడా.

ఇంక ఊరంతా ఒకటే మాట. "ఆర్లోకి చూపు పోయింది, చెయ్యి వణుకుతోంది." మర్నాడు ఆయన ఆ గొట్టంలోంచి గుండు తీసి, కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, నా ముందు పెట్టాడు. ముడత. "ఇది నాది కాదురా వర్జిల్" అన్నాడు, మెల్లిగా. నేనేమన్నానో తెలుసా? "నీ డబ్బాలోదే కదా" అన్నాను. "అవును, నా డబ్బాలోదే" అన్నాడు. సీసం పొయ్యి ఆర్పేశాడు. మళ్లీ వెలిగించలా, పదకొండేళ్లు.

ఆయన పోయినప్పుడు పాస్టరు గారు నన్ను మాట్లాడమన్నారు. లేచి, "ముసలితనంలో ఎవరి చెయ్యి తప్పదు? మనందరం క్షమించేద్దాం" అన్నాను. ఆయన్ని నేను క్షమించానమ్మా! మీ అమ్మమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "మా అన్నకి నీలాంటోడు ఒక్కడున్నాడు, చాలు" అంది. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

డెల్మర్‌కా? ఇంతవరకూ చెప్పలేదు. బతికే ఉన్నాడు. తల తిప్పకు... ఆ కిటికీ దగ్గర, ఎడం చేత్తో సూపు తాగుతున్నాడే, వాడే. అలా చూడకమ్మాయ్. వెళ్తాను, చెప్తాను. ఈ కాఫీ ఒక్కటి తాగనీ.