జిగురు చెయ్యి

వీడియో గేముల కంపెనీలో బొమ్మలు గీసే చెల్లెలు, ఆటలో పట్టుకోవాల్సిన కొత్త జంతువును తెర మీద చూపించింది. చూడగానే అక్క కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“ఛీ, కప్పా ఇది? ఒంటి నిండా ఆ జిగురేంటే?”

“ఎవర్నీ కరవదక్కా. వెనకనుంచి వచ్చి తడి చెయ్యి భుజం మీద వేస్తుంది, అంతే.”

“కరిచినా నయమే. ఎందుకలా ఇకిలిస్తోంది?”

“ఎవరైనా చూస్తే సరదాకన్నట్టు.”

మెడ పక్కకు వాల్చిన ఆ నవ్వు అక్క రోజూ ఇంట్లో చూసేదే.

“ఇది మీ బావ కదూ?”

చెల్లెలు తెర ఆపేసింది.

“ఎప్పట్నుంచి?”

“మీ ఇంట్లో దిగినప్పట్నుంచి. చెబితే నమ్మవనుకున్నా. వేరే గది చూసుకుంటాలే అక్కా.”

అక్క లేచి ఇంటి తాళాలు చేతిలోకి తీసుకుంది.

“నువ్వెందుకు? ఇల్లు నాది. ఖాళీ చేసేది వాడు.”